రేడియోలో పెద్దదైన పిల్ల

మా ప్రగతి నగర్ అపార్ట్‌మెంటులో పైఅంతస్తు అమ్మాయి ఈ మధ్య సిరీస్‌లకు కథలు రాసే ఉద్యోగంలో చేరింది. ఆఫీసు హైటెక్ సిటీలో. చేరిన మొదటి వారమే మా ఇంటికి వచ్చి కూర్చుంది. కాలేజీ పిల్లలు పెద్దవాళ్లవడం గురించి కథ రాయమన్నారట. మీరు రేడియోలో అదే పని చేశారు కదా ఆంటీ, ఎలా చేసేవారని అడిగింది. ఆ రోజు టీ ఇచ్చి, నాలుగు మాటలు చెప్పి పంపేశాను. ఆ నాలుగు మాటలూ నిజం కావని ఆమె వెళ్లాక అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ ఊరికి బదిలీ అయిందో ఇందులో ఉండదు. ఈ పని చేస్తూ నేను చేసిన ఒక పెద్ద తప్పు మాత్రం ఉంటుంది.

ఒక్క పాటలో పెద్దవడం

నాది తెనాలి దగ్గర పల్లెటూరు. అరవైల చివర్లో హైదరాబాదు వచ్చి రేడియోలో చేరేనాటికి నాకు ఇరవై మూడేళ్లు. యువజనుల కోసం వారానికొక అరగంట నాటిక తయారు చేయడం నా పని. నాటక విభాగం పెద్దను అందరం మేష్టారు అని పిలిచేవాళ్లం. రంగస్థలం నుంచి వచ్చిన మనిషి. కళ్లు మూసుకుని వినడం నాకు నేర్పింది ఆయనే. తలుపు తీసిన చప్పుడు విని, తీసినవాడు కోపంగా ఉన్నాడో లేదో చెప్పగలిగేవారు. కుర్రవాళ్ల నాటికల విషయంలో మాత్రం ఆయనకొక నియమం ఉండేది. దారి తప్పినవాడు ఇరవై ఐదో నిమిషానికల్లా బుద్ధి తెచ్చుకోవాలి. మిగిలిన ఐదు నిమిషాలూ తల్లి కన్నీళ్లకూ సంగీతానికీ.

రెండేళ్లు అలాగే రాశాను. రాస్తూ రాస్తూ, మిగతావాళ్లు ఈ పని ఎలా చేస్తున్నారో చూడడం అలవాటు చేసుకున్నాను. సినిమాలో పిల్లవాడు పరుగెత్తుతుంటే కాళ్లు చూపించేవారు. కెమెరా కాళ్లమీంచి పైకి వెళ్లేసరికి మీసాలు వచ్చి ఉండేవి. ఒక్క పాటలో పన్నెండేళ్లు గడిచిపోయేవి. వారపత్రికల సీరియళ్లలో ఆడపిల్ల పెద్దదవడానికి నలభై వారాలు పట్టేది. పెళ్లి కుదరగానే కథ అయిపోయేది. పక్కన వేసిన బొమ్మలో మాత్రం ఆ పిల్లకు మొదటి వారం నుంచి చివరి వారం దాకా ఒకటే వయసు. ఊళ్లలో డోలు కొట్టి కథ చెప్పేవాళ్లయితే, దరువు మారేలోగా తొట్టెలో పిల్లవాణ్ణి గుర్రమెక్కించేవారు.

మాకు రేడియోలో కాళ్లూ లేవు, బొమ్మలూ లేవు. ఉన్నది గొంతొక్కటే. పదిహేనేళ్ల కుర్రవాడి పాత్రను నలభై దాటిన నటుడొకాయన గొంతు సన్నం చేసి చెప్పేవాడు. నిజంగా పదిహేనేళ్లవాణ్ణి తెస్తే గొంతు బొంగురుపోయి ఉంటుంది, మైకులో బాగుండదనేవారు. బొంగురుపోయిన ఆ గొంతులోనే కదా ఆ వయసంతా ఉన్నదని నాకనిపించేది.

ఎక్కడ చూసినా పెద్దవడానికి ముందూ ఉంది, తర్వాతా ఉంది. మధ్యలో ఏం జరుగుతుందో ఎవరూ చూపించడం లేదు. అది నన్ను వదిలిపెట్టలేదు. నాకు ఎప్పుడు జరిగిందో గుర్తు తెచ్చుకుందామని ప్రయత్నించాను. నాకూ దొరకలేదు. అప్పుడు, ఇంకా ఆ వయసులోనే ఉన్నవాళ్లను అడుగుదామనుకున్నాను. టేపు రికార్డరు తీసుకుని ఊళ్లు తిరుగుతానంటే మేష్టారు వింతగా చూశారు కానీ వద్దనలేదు.

నేను అడిగిన తప్పు ప్రశ్న

డెబ్బైల మొదట్లో కూకట్‌పల్లి దాటితే ఊరు అయిపోయినట్టే. బొంబాయి రోడ్డు మీద మదీనాగూడ వైపు బస్సులు తక్కువ. నిజాంపేట వెళ్లాలంటే రోడ్డు మీద దిగి నడవాలి. ఇప్పుడు హాస్టళ్లు వరసగా నిలబడి ఉన్నచోట అప్పుడు జొన్న చేలు, రాళ్ల గుట్టలు, వాటి మధ్య ద్రాక్ష తోటలు ఉండేవి. రికార్డరుకు పోర్టబుల్ అని పేరేగానీ, భుజాన వేసుకుంటే నీళ్ల బిందె మోసినట్టే ఉండేది.

ఒక తోటలో పందిళ్ల కింద ఎనిమిది మంది ఆడపిల్లలు ద్రాక్ష గుత్తులు పలచన చేస్తున్నారు. చిన్న కత్తెరలతో మధ్య కాయలు తీసేస్తే మిగతావి బాగా ఊరతాయట. పరిచయాలయ్యాక మైకు పెట్టి, మీరు పెద్దవాళ్లు ఎప్పుడయ్యారని అడిగాను. పిల్లలు ఒకరినొకరు చూసుకుని మొహాలు కప్పుకుని నవ్వారు. వాళ్ల మీద అజమాయిషీ చేసే పెద్దామె, గసొంటి ముచ్చట్లు రేడియోల చెప్తరా అమ్మా అంది. ఆడపిల్ల పెద్దదైందంటే తెలుగులో ఉన్న అర్థం ఒక్కటే. అది కృష్ణా నదికి ఇవతలా అవతలా తేడాలేని అర్థం. తెలుగు చదువుకుని వచ్చిన నాకు ఆ ప్రశ్న అడిగేదాకా తట్టలేదు. ఆ వయసు గురించి మన కథలన్నీ ఎందుకలా ఉన్నాయో నాకు ఆ నవ్వులోనే సగం అర్థమైంది. ఆడపిల్ల పెద్దవడం గురించి ఆ ఒక్క అర్థానికి మించి చెప్పడానికి మాటే లేదు.

ఆ నవ్విన పిల్లల్లో ఒకతె పేరు యాదమ్మ. పదిహేడేళ్లుంటాయి. కత్తెర ఆపకుండానే, మీరడిగిన పెద్ద గాదు, ఇంకో పెద్ద చెప్త అంది.

నాలుగేళ్ల కింద, వాళ్లమ్మ పుట్టింటికి వెళ్లి ఉన్నప్పుడు, ఐదేళ్ల చెల్లెలికి జ్వరం ఎక్కువై ఫిట్లు వచ్చాయి. తండ్రి బాలయ్యకు కాలు బాగాలేదు, మంచంలో ఉన్నాడు. యాదమ్మ చెల్లెల్ని వీపున కట్టుకుని రోడ్డు దాకా నడిచింది. ద్రాక్ష గంపలు తీసుకుపోతున్న లారీని ఆపి, పట్నంలో పెద్ద దవాఖానకు చేరింది. అక్కడ జరిగింది ఆమె మాటల్లోనే నాకు ఇప్పటికీ గుర్తుంది.

“చిట్టీ రాసేటాయన పెద్దోళ్లెవరున్నరని అడిగిండు. నేనే ఉన్న అన్న. ఇంకెవరు లేరా అన్నడు. నేనే ఉన్న అని మల్ల చెప్పిన. రాసుకున్నడు. గంతే. నేను గప్పుడే పెద్దగైన.”

తొమ్మిది రోజులు ఆ దవాఖాన వరండాలో ఉండి చెల్లెల్ని బతికించుకుని ఇంటికి తెచ్చుకుంది. ఏడు నిమిషాల్లో చెప్పి ముగించి, ఇంకో గుత్తి అందుకుంది. రోడ్డు దాకా తిరిగి నడుస్తుంటే నాకు భుజం బరువు తెలియలేదు. నేను వెతుకుతున్న ఆ మధ్య భాగం దొరికిందనుకున్నాను.

బల్ల దగ్గర దొరికిన కారణం

వారం తిరక్కుండా నాటిక రాసి మేష్టారికి చదివి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. అయిపోయాక ఒక్కటే అడిగారు.

“తండ్రి ఎందుకు వెళ్లలేదు?”

కాలు బాగాలేదండి అన్నాను. కాలు బాగాలేనివాణ్ణి బండిలో వేసుకుని పోవచ్చు, ఇరుగుపొరుగు ఉంటారు, పదమూడేళ్ల పిల్ల ఒక్కతీ ఎందుకు వెళ్లింది, విన్నవాడికి ఈ అనుమానం తప్పకుండా వస్తుంది, కారణం పెట్టు అన్నారు.

ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్లు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మేష్టారు అడిగింది సరైన ప్రశ్న. అంతకన్నా మంచి ప్రశ్న ఆ కథకు లేదు. ఆ ప్రశ్న తీసుకుని నేను నిజాంపేట వెళ్లాల్సింది. నా బల్ల దగ్గరికి వెళ్లాను. గంటలో కారణం దొరికింది. తండ్రిని తాగుబోతును చేశాను. బాలయ్య పేరు తీసి వీరయ్య అని పెట్టాను. పిల్ల చెల్లెల్ని బతికించుకుని రాగానే అతను సీసా పగలగొట్టి బుద్ధి తెచ్చుకున్నాడు. సరిగ్గా ఇరవై ఐదో నిమిషంలో.

పిల్ల పాత్ర విజయవాడ నుంచి వచ్చిన మంచి నటి చెప్పింది. అచ్చమైన కృష్ణాతీరపు తెలుగు. తండ్రి పాత్రకు మేష్టారు హాస్యపాత్రలు వేసే ఒక నటుణ్ణి పెట్టి, తెలంగాణ యాసలో చెప్పించారు. తాగిన మనిషికి అది బాగా అతుకుతుందన్నారు. అది నా చెవికి తప్పుగా వినిపించి ఉండాలి. వినిపించలేదు. అప్పట్లో అందరం అలాగే చేసేవాళ్లం. నాయకుడు ఒక తెలుగు మాట్లాడేవాడు, నవ్వించేవాడూ నౌకరూ ఇంకో తెలుగు. నాటిక ప్రసారమయ్యాక మెచ్చుకుంటూ ఉత్తరాలు వచ్చాయి. నేను వాటిని దాచుకున్నాను కూడా.

గేటు దగ్గర యాదమ్మ

పది రోజుల తర్వాత, ఎవరో అమ్మాయి పొద్దుటి నుంచీ గేటు దగ్గర కూర్చుందని, కదలనంటోందని కబురొచ్చింది. వెళ్లి చూస్తే యాదమ్మ. రెండు బస్సులు మారి, దారి అడుగుతూ వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. చెట్టు నీడకు రమ్మన్నా రాలేదు.

నాటికను ఊరంతా పంచాయతీ ఆఫీసు ముందు మైకులో విన్నారట. పేరు మారిస్తే ఏం లాభం. ద్రాక్ష తోట ఉంది, ఫిట్లు వచ్చిన చెల్లెలుంది, లారీ ఉంది. మర్నాటి నుంచి బాలయ్యను జనం రేడియో తాగుబోతు అని పిలవడం మొదలుపెట్టారు. అతను పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టని మనిషి. వారం నుంచి గడప దాటడం లేదు, సరిగ్గా తినడం లేదు.

నేను క్షమించమన్నాను. తప్పయిపోయింది, నేనే వచ్చి మీ నాన్నగారికి చెప్తానన్నాను. ఆమె నా మొహంలోకి చూసింది.

“గా పిల్లేమో మీ లెక్క మాట్లాడింది. తాగినోడే మా లెక్క మాట్లాడిండు. గట్ల ఎందుకు చేసినవమ్మా?”

ఇన్నేళ్ల ఉద్యోగంలో పై అధికారులూ పత్రికలవాళ్లూ నన్ను ఎన్నో అన్నారు. ఏదీ ఆ మాటంత సూటిగా తగల్లేదు.

ఇంటికొచ్చి చెప్తే ఒప్పుకోనంది. రేడియోలో అన్నమాట రేడియోలోనే తీసెయ్యాలంది. తను ఆ రోజు చెప్పింది నా దగ్గర ఉంది కదా, అది వేస్తే చాలంది. ఆ టేపు చెరిపేశామని చెప్పాల్సి వచ్చింది. మాకు టేపులు తక్కువ, ఒకదానిమీద ఒకటి రికార్డు చేసేవాళ్లం. ఆమె గొంతు మీద అప్పటికి ఎరువుల గురించిన ప్రసంగం ఎక్కి ఉంది. మళ్లీ చెప్తావా అని అడిగాను. చెప్పనంది. నాయిననే చెప్పనియ్యి అని లేచి బస్టాండు వైపు వెళ్లిపోయింది.

మేష్టారు ససేమిరా అన్నారు. నాటిక కల్పితం, కల్పనకు రేడియో సంజాయిషీ చెప్పుకోదు, ఒకసారి మొదలుపెడితే ప్రతి వారం ఎవరో ఒకరు గేటు దగ్గర కూర్చుంటారు అన్నారు. అయినా యువజనుల కార్యక్రమంలో యాభై ఏళ్లాయన మాట్లాడడం ఏమిటన్నారు. ఆయన చెప్పినవన్నీ ఉద్యోగధర్మం ప్రకారం సరైనవే. నేను వాదించలేదు. సంజాయిషీ అనకుండా ఒక గ్రామస్థుడి అనుభవం అని రికార్డు చేసుకొస్తాను, విన్నాక నిర్ణయించండి అన్నాను. ఆయన సరే అనలేదు, కాదనీ అనలేదు. నేను రికార్డరు తీసుకుని బయల్దేరాను.

బాలయ్య చెప్పింది

నేను వెళ్లేసరికి యాదమ్మ తోటకు వెళ్లి ఉంది. బాలయ్య ఒక్కడే అరుగు మీద ఉన్నాడు. ఎడమ కాలు మోకాలి కింద నల్లబడి, కట్టె పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను. నీళ్లిచ్చి కూర్చోబెట్టాడు. గుట్టల దగ్గర రాళ్లు కొట్టే పనిలో ఉండగా రాయి దొర్లి కాలు మీద పడిందని, అది జరిగిన కొత్తలో ఒకసారి పట్నం దవాఖానకు పోతే కాలు తీసేయాలన్నారని, అక్కడి నుంచి తప్పించుకుని వచ్చేశానని చెప్పాడు. మైకు పెట్టాక, తను తాగడన్న మాట చెప్పి ఆపేస్తాడనుకున్నాను. ఆపలేదు.

“నేను తాగి పండుకోలే. భయమై పండుకున్న. బండ్ల ఏసుకొని వోతమని పక్కింటోళ్లు సుత అన్నరు. దవాఖానకు వోతే నా కాలు తీసేస్తరని నేనే లెవ్వలే. నాకు నడవరాదని బిడ్డకు చెప్పిన. నడవొచ్చేది. గా దినం నాకు నడవొస్తుండె.”

తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. టేపు తిరుగుతూనే ఉంది. మేష్టారి ప్రశ్నకు జవాబు నాలుగేళ్లుగా ఈ అరుగు మీదే ఉంది. నేను ఒక్కసారి అడిగి ఉంటే చెప్పేవాడేమో.

ఆఫీసుకు తెచ్చి మేష్టారికి వినిపించాను. ఆయన ఒకసారి వెనక్కి తిప్పించుకుని మళ్లీ విన్నారు. ఎన్ని నిమిషాలని అడిగారు. నాలుగు అన్నాను. ఐదు తీసుకో, మాట్లాడకుండా ఆగినచోట కత్తిరించకు అన్నారు.

కత్తిరించడానికి బ్లేడు పట్టుకుని కూర్చున్నాక, దాన్ని మళ్లీ కింద పెట్టేశాను. ఈ మాటలు యాదమ్మ వినలేదు. ఆమె చెప్పిన కథలో తండ్రికి కాలు బాగాలేదు, అంతే. ఈ సంగతి ఆమె మొదటిసారి ఊరందరి మధ్య మైకులో వింటే ఏమవుతుంది? ఒకసారి బల్ల దగ్గరే కూర్చుని తేల్చుకున్న ఫలితం చూశాను. ఆదివారం టేపు పట్టుకుని మళ్లీ నిజాంపేట వెళ్లాను.

తండ్రీ కూతుళ్లిద్దరినీ కూర్చోబెట్టి వినిపించాను. యాదమ్మ తల దించుకుని విన్నది. భయమై పండుకున్న అన్నచోట కూడా కదల్లేదు. అయిపోయాక, తాగలేదన్నది ఉంచి మిగిలింది తీసేయమంది. నలుగుర్ల పరువు వోతదంది. తాగుబోతన్ననాడు పోలేదా అన్నాడు బాలయ్య. అది తీసేస్తే తన మాట కాదన్నాడు. తర్వాత అతను కూతురి వైపు చూడకుండా అడిగాడు.

“నీకు ఎర్కేనా బిడ్డా?”

“ఎర్కనే. గా దినమే ఎర్కే. నేను గల్లి మలుపు దాక వోయి యెనకకు జూసిన. నువ్వు వాకిట్ల నిలబడి ఉన్నవ్.”

బాలయ్య కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. యాదమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లి కట్టెలు ఎగదోసి, అక్కడి నుంచే, ఉంచుండ్రి అంది.

నాకు ఆమె చెప్పిన ఏడు నిమిషాలూ అప్పుడు అర్థమయ్యాయి. దవాఖాన చిట్టీ దగ్గర పెద్దదాన్నయ్యానని ఆమె చెప్పింది. అది జరిగింది ఆ గల్లీ మలుపులో, వెనక్కి తిరిగి చూసినప్పుడు. చూసిన సంగతి నాలుగేళ్లు తండ్రికి తెలియనివ్వలేదు, నాకు చెప్పలేదు, చెల్లెలికి చెప్పలేదు. అందుకే పైఅంతస్తు అమ్మాయికీ ఆమెలాంటివాళ్లకూ నేను చెప్పగలిగింది ఒక్కటే. ఆ వయసువాళ్లు చెప్పేది వినండి, రాసుకోండి. తర్వాత, చెప్పకుండా దాటేసినచోటు ఎక్కడుందో చూడండి. అక్కడ మీ సొంత కారణం పెట్టకండి. మళ్లీ వెళ్లి అడగండి. చెప్పకపోతే ఖాళీగా వదిలేయండి. విన్నవాడికి అనుమానం వస్తే రానివ్వండి.

పంచాయతీ ముందు

ఆ ఐదు నిమిషాలూ ప్రసారమైన సాయంత్రం నేను స్టూడియోలో లేను. నిజాంపేట పంచాయతీ ఆఫీసు ముందు, జనంలో కూర్చున్నాను. నేను చేసిన కార్యక్రమాన్ని వినేవాళ్ల మధ్య కూర్చుని వినడం నాకది మొదటిసారి. బాలయ్య కట్టె ఊతంతో వచ్చి అరుగు చివర కూర్చున్నాడు. యాదమ్మ ఆడవాళ్లలో నిలబడింది.

మైకులో అతని గొంతు రాగానే ఇద్దరు ముగ్గురు నవ్వారు. తాగలేదన్నాడు. ఒకరెవరో ఏదో అన్నారు. భయమై పండుకున్న అన్నాక ఎవరూ ఏమీ అనలేదు. మేష్టారు కత్తిరించవద్దన్న ఆ మౌనం మైకులోంచి వచ్చినప్పుడు, రేడియో ఆగిపోయిందేమోనని పంచాయతీ బంట్రోతు లేచి చూశాడు. అయిపోయాక ఒక ముసలాయన బాలయ్య పక్కకు జరిగి బీడీ ఇచ్చాడు. నేనైనా వోకపోదునన్నాడు. అంతకన్నా ఏమీ జరగలేదు. ఎవరూ క్షమాపణ అడగలేదు. రేడియో తాగుబోతు అన్న మాట ఆ ఊళ్లో తర్వాత వినపడలేదని మాత్రం యాదమ్మ ఆ తర్వాత ఎప్పుడో చెప్పింది.

బాలయ్య కాలు మోకాలి దాకా తీసేయాల్సే వచ్చింది. ఆ చలికాలమే. యాదమ్మకు పటాన్‌చెరు వైపు పెళ్లయింది. చెల్లెలు చదువుకుని ఆ దవాఖానలోనే నర్సు అయితే బాగుండేదని మీకనిపిస్తుంది. నాకూ అనిపించింది. కాలేదు. ఆమె కూడా తోట పనికే వెళ్లింది, తోటలు పోయేదాకా. ఆ తర్వాత నేను రాసిన నాటికల్లో పిల్లలు వాళ్ల ఊరి తెలుగే మాట్లాడారు. బొంగురుపోయిన గొంతులు కూడా కొన్ని వచ్చాయి. మేష్టారు ఉన్నన్నాళ్లూ వాటిమీద గొడవపడ్డాం. కొన్నిసార్లు ఆయన గెలిచారు.

ఆ సాయంత్రం జనం చెదిరిపోతుంటే యాదమ్మ బర్రెను పిండే వేళయిందని చెప్పి ఇంటివైపు నడిచింది. నడక ఎప్పుడూ వడిగానే ఉండేది ఆమెకు. వెనకాల బాలయ్య కట్టె పట్టుకుని లేచాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు, పిలవలేదు. నాలుగు అడుగులు వేశాక నడక తగ్గించింది. అతని కట్టె చప్పుడు దగ్గరకొచ్చేదాకా తగ్గిస్తూనే ఉండి, తర్వాత ఆ చప్పుడుతో సమానంగా నడుస్తూ వెళ్లింది.